కడపటి సాళ్ళ ఆకు

చచ్చిన పట్టుపురుగుల్ని గంపలకెత్తి గుంతలో పోస్తున్నంతసేపూ శ్రీనివాసప్ప తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. ఆఖరి గంప బోర్లించి, పైన సున్నం చల్లి, తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని వచ్చాకే నోరు తెరిచాడు.

"తాళంచెవి ఇట్లియ్యి."

ధనుంజయ పురుగులింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవి అతని మొలతాడుకు ఉంటుంది. ముడి విప్పబోయాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ అతని వేళ్ళు చిన్న పనులకు తొందరగా లొంగవు. అన్న కాసేపు చూశాడు. ఓపిక చాలక వంగి, దారం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మొలతాడు తెగింది.

"పెండ్లాం బతికుండంగ మొగోని మొలతాడు తెంచుతారేమిరా?" అంది వాళ్ళమ్మ అక్కయమ్మ, లోపలి నుంచి వస్తూనే.

శ్రీనివాసప్ప తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అక్కయమ్మే లోపలికి పోయి నల్లదారం తెచ్చి కొడుకు నడుముకు కట్టింది. నలభై దాటిన మనిషి, పసివాడిలా చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

ధనుంజయ భార్య అంబిక వాకిట్లో గంపలు కడుగుతోంది. ఆ దారం కట్టవలసింది తను. తనకు ఆ తలపు రాకముందే అత్తకు వచ్చింది. కానీ ఆమె తల దించుకున్నది అందుకు కాదు.

ధనుంజయ చేతులు దించి, అన్న వైపు తిరిగి, మామూలుగా అడిగాడు. "మళ్ళ పురుగు ఎప్పుడు తెస్తామన్నా?"

"నీకెందుకు ఇంగ పురుగులు? చెయ్యి పట్టుకొని చెప్పిన మాట నిలవలేదు. ఆ తలకాయలో నీళ్ళు తప్ప ఏముండాదిరా నీకు?"

తొట్టిలోకి పడుతున్న నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది. అంబిక లేచి వెళ్ళి కొళాయి కట్టేసింది. అప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా వినిపించినట్టయింది.

ఎనిమిదేళ్ళ కిందట ఆ తలకాయలో నిజంగానే నీళ్ళు నిలిచాయి. అందరి మెదడులోనూ నీళ్ళు ఊరుతుంటాయని, ఒక దారి పట్టి పారిపోతుంటాయని, అతని తలలో ఆ దారికి అడ్డంగా ఒక గడ్డ లేచిందని బెంగళూరు డాక్టర్లు చెప్పారు. గడ్డ తీసేశారు. చెవి వెనక నుంచి కడుపు దాకా చర్మం కింద సన్నటి ట్యూబు వేశారు. గడ్డ మళ్ళీ రాలేదు. బతికి బయటపడ్డాడు అన్నారు ఊళ్ళో అందరూ. అది నిజమే.

రాకుండా పోయినవి వేరే ఉన్నాయి. తిన్నని నడక రాలేదు, పడవ మీద నడిచేవాడిలా కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాడు. మధ్యలో ట్యూబుకు చీము పట్టి మళ్ళీ తెరిచినప్పుడు చేతిరాత పోయింది. మధ్యాహ్నమైతే నిద్ర ముంచుకొస్తుంది. చెప్పిన పని శ్రద్ధగా చేస్తాడు, చెప్పని పని అతనిలో మొదలే కాదు. పాతవన్నీ గుర్తున్నాయి. కొత్త మాట మాత్రం నిలవదు. అందుకే అతనికి ఏదైనా చెప్పాలంటే మణికట్టు పట్టుకుని చెప్పాలని, అతను దాన్ని తిరిగి అప్పజెప్పేదాకా వదలకూడదని ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. అట్లా చెప్పిన మాట ఇంతవరకూ తప్పలేదు.

చెడకుండా మిగిలింది పురుగుల విద్య. తట్ట మీద ఒకసారి చెయ్యి ఆడించి, ఇవి రేప్పొద్దున జ్వరం లేస్తాయి అనేవాడు. పురుగు మేత మాని, చర్మం విడిచేదాకా కదలకుండా పడుకోవడాన్ని ఆ పక్క జ్వరం అంటారు. అతను చెప్పిన పొద్దుకే లేచేవి. అందుకే తాళంచెవి అతని నడుముకు ఉండేది.

ఈసారి పురుగులు నాలుగో జ్వరం లేచి ఆబగా మేస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు మేస్తే గూళ్ళు కట్టేవి. నిన్న మధ్యాహ్నం మేత తర్వాత ఒక్కొక్కటే తల పైకెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. పచ్చని నీళ్ళు కక్కాయి. పొద్దు వాలేసరికి తట్టలన్నీ కదలిక లేకుండా పోయాయి. కారణం ఎవరినీ అడగనక్కర్లేదు. ఆకు మీద మందు పడింది.

వాళ్ళ మల్బరీ తోటలో కడపటి సాళ్ళు గోవిందప్ప టమాటా మడిని ఆనుకుని ఉంటాయి. టమాటాకు మందు కొట్టే ముందు అతను వచ్చి చెప్పాలి. చెప్పాక కొన్నాళ్ళు ఇటువైపు ఆ సాళ్ళ ఆకు కొయ్యకూడదు. రోజూ ఆకు కోసి తెచ్చేది ధనుంజయ. తమ ఊరు సోమేనహళ్ళిలో ఎవరికి ఎవరితో పడకపోయినా ఈ మాట మాత్రం చెప్పకుండా ఉండరు.

గోవిందప్ప చెప్పాడు. ఆ పొద్దున, ఇంకా గంపలు ఎత్తకముందే సంగతి తెలిసి, తువ్వాలు భుజాన వేసుకుని తనే వచ్చి నిలబడ్డాడు. తప్పు తన మీదికి వస్తుందేమోనన్న భయం అతని గొంతులో ఉంది.

"డైరీకాడ పాలు పోసేటప్పుడు చెప్పినా గదమ్మా అంబికా?"

"చెప్పినావప్పా," అంది ఆమె.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ తిరగడంలో నింద లేదు, తర్వాతి మాట కోసం చూడటం మాత్రమే ఉంది. ఆ ఒక్క క్షణంలో ఆమె నోట్లోంచి అది వచ్చేసింది.

"నేను ఈయనకు చెప్పినా."

"చెయ్యి పట్టుకొనే చెప్పినావా?" అని అక్కయమ్మ అడిగింది.

మొదటి మాట జారింది అనుకోవచ్చు. రెండోది జారలేదు. దాన్ని ఆమె చూస్తూ చూస్తూ తీసి ముందు పెట్టింది.

"పట్టుకొనే చెప్పినా."

ధనుంజయ అందరి మొహాలూ చూశాడు. "చెప్పింటాది లే," అన్నాడు. "నా తల సంగతి మీకు తెలిసిందే గదా."

జరిగింది చాలా చిన్నది. డైరీ నుంచి వస్తుంటే బాగేపల్లి నుంచి చెల్లెలు ఆశా ఫోన్ చేసింది. కొత్తింటికి పాలు పొంగించే రోజున కట్టుకోబోయే చీర గురించి మాట్లాడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి చేరేసరికి గోవిందప్ప మాట ఆమె తలలోంచి పోయింది. పురుగులు తలలు ఎత్తినప్పుడే తిరిగి వచ్చింది.

మరిచిపోయినా అని ఉంటే ఏమయ్యేది? బావ కేకలు వేసేవాడు. అత్త రెండు రోజులు ముభావంగా ఉండేది. అంతే. ఆ సంగతి అంబికకు తెలుసు. తెలిసే ఎందుకు అనలేకపోయిందన్నదే ఆమెను కొరుకుతోంది. ఈ ఇంట్లో మరుపు ఒక మనిషిది. గుర్తుపెట్టుకోవడం ఇంకో మనిషిది. ఎనిమిదేళ్ళుగా మందులూ, స్కానులూ, ఆకు కోతలూ, ఆవుల ఈతలూ అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. "అంబిక ఉండబట్టి సరిపోయింది" అంటారు అందరూ. ఆ ఒక్క మాట మీద ఆమె నిలబడి ఉంది. అది పోతే తను ఏమిటో ఆమెకు తెలియదు. దాన్ని కాపాడుకోవడానికి చేతికి అందిన మనిషిని ముందుకు తోసింది. అతను తొయ్యడానికి వీలుగా ఉన్నాడు. అదే అన్నిటికంటే సిగ్గు.

మధ్యాహ్నానికి శ్రీనివాసప్ప కోపం దిగి భయమైంది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

చెయ్యి పట్టుకుని చెప్పింది కూడా నిలవలేదంటే ఇది మామూలు మరుపు కాదన్నాడు. ట్యూబు ఎన్నేళ్ళకైనా మూసుకుపోవచ్చని, కొత్తగా మతిమరుపు కనపడితే జాగు చెయ్యకుండా చూపించమని డాక్టర్లు అప్పుడే చెప్పి పంపారు గదా అన్నాడు. అక్కయమ్మ వడ్డించడం ఆపి గరిటె కింద పెట్టేసింది. బెంగళూరు నుంచి వారానికోసారి చిక్కబళ్ళాపురానికి వచ్చే నరాల డాక్టరమ్మ ఉందని, రేపే ఆమె వచ్చే రోజని ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"అంబికా, పాత స్కానులన్నీ తీసి పెట్టమ్మా," అన్నాడు. గొంతులో ఎంత మెత్తదనమంటే, ఆమెకు లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది.

తెల్లవారి భర్తకు నీళ్ళు పోస్తూ చెవి వెనక ట్యూబు తేలిన చోట మెల్లగా తడిమింది. చర్మం కింద సన్నటి గుండీలాంటిది చేతికి తగిలింది. ఎప్పటిలాగే ఉంది. చెంబు పక్కన పెట్టింది.

"నేను నీకు మందు సంగతి నిజంగా చెప్పినానా?"

అతను కళ్ళ మీది నీళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూశాడు. "చెప్పినానని నువ్వే గదా అంటివి."

ఇంకొక్క మాట అంటే అయిపోయేది. ఆమె పెదవి కదిలింది. బస్సుకు పొద్దవుతోందని బయటి నుంచి అక్కయమ్మ పిలిచింది. అంబిక చెంబు తీసుకుని గబగబా నీళ్ళు పోసింది. ఆ పిలుపు రావడం తనకు హాయిగా అనిపించిందని తర్వాత గుర్తించింది.

పేరేసంద్ర మీదుగా పోయే బస్సులో శ్రీనివాసప్ప తమ్ముణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బస్సు ఆగినప్పుడు దిగి దోసకాయ కొని, కారం ఎక్కువ వద్దని చెప్పి, తెచ్చి చేతిలో పెట్టాడు. ఎండ పడుతోందని తన తువ్వాలు కిటికీకి కట్టాడు. క్షమించమని అడగడం ఆ ఇంటి మగవాళ్ళకు రాదు. వచ్చింది ఇంతే.

ముందు సీట్లోని అంబిక వైపు వంగి గొంతు తగ్గించి అన్నాడు. "నిన్న నోరు జారినానమ్మా. రోగం తిరగబెట్టిందని తెలిసింటే ఆ మాట అంటానా?"

ఆమె తల ఊపింది. తన అబద్ధం ఇప్పుడు ఒకరికి భయంగా, ఒకరికి పశ్చాత్తాపంగా, ఇంకొకరికి దోసకాయగా మారి తిరుగుతోంది. వెనక్కు తియ్యాలంటే ఇప్పుడు ఎంతమంది చేతుల్లోంచి తియ్యాలి?

డాక్టరమ్మది హిందూపురం వైపు. కన్నడంలో మొదలుపెట్టి వీళ్ళ మాట విని తెలుగులోకి వచ్చింది. కొత్త స్కాను తీయించింది. ధనుంజయను నడిపించి చూసింది. కళ్ళలోకి లైటు వేసి చూసింది. ఆవు, గొడుగు, మామిడి అని మూడు మాటలు చెప్పి, కాసేపటికి అడిగింది. ఆవు, మామిడి అన్నాడు. పోయినసారీ రెండే చెప్పినట్టు పాత కాగితాల్లో ఉంది. తలనొప్పి లేదు. వాంతులు లేవు. కళ్ళ వెనక వాపు లేదు.

స్కానులో పెద్ద తేడా కనపడలేదంది. శ్రీనివాసప్ప ఊపిరి వదలబోయాడు.

"కానీ స్కాను మారకుండానే ట్యూబు పని మానేసేవాళ్ళు కొందరు ఉంటారు," అంది ఆమె. "అట్లాంటప్పుడు మాకు దారి చూపేది ఇంట్లోవాళ్ళ మాటే. మనిషి మారినాడా లేదా అన్నది మీకే తెలుస్తుంది. పోయిన నెలకూ ఇప్పటికీ కొత్తగా ఏమైనా తేడా వచ్చిందా?"

శ్రీనివాసప్ప అంతా చెప్పాడు. మణికట్టు పట్టుకుని చెప్పే పద్ధతి, ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పకపోవడం, ఇప్పుడు తప్పడం, పురుగులు పోవడం. డాక్టరమ్మ రాసుకుంటూ రాసుకుంటూ నెమ్మదించింది. ఇది తీసెయ్యదగ్గ సంగతి కాదంది. బెంగళూరులో చేర్పించి ట్యూబులో నీళ్ళు ఎట్లా పారుతున్నాయో చూడాలని, అవసరమైతే మళ్ళీ తెరవాలని చెప్పింది. అంబిక వైపు తిరిగి అడిగింది. "మీరేనా చెప్పింది? ఆయన తిరిగి అప్పజెప్పినారా?"

చేతిరాత పోయిన రోజు అంబికకు గుర్తొచ్చింది. కట్లు విప్పాక పెన్ను చేతికిస్తే, దాన్ని దేనికి ఇచ్చారో తెలియనట్టు ఆమె మొహంలోకి చూశాడు. ప్రతిసారీ తల తెరిచినప్పుడు కొంత మనిషి లోపలే ఉండిపోతున్నాడు. ఇప్పుడు తెరిస్తే ఏది పోతుంది?

"ఆయన మరిచిపోలేదు మేడమ్," అంది. "నేనే చెప్పలేదు."

శ్రీనివాసప్ప కుర్చీలో పక్కకు తిరిగాడు. "ఏమంటాండావమ్మా?"

"గోవిందప్ప నాకు చెప్పినాడు. నేను మరిచిపోయినా. అందరూ అడిగేసరికి ఈయన మింద ఏసినా. చెయ్యి పట్టుకోలేదు, ఏమీ లేదు."

చెప్పేస్తే బరువు దిగుతుందని ఎక్కడో అనుకుని ఉంది. దిగలేదు. లోపల ఒక్కతే చూసుకుంటూ ఉన్న దాన్ని ఇప్పుడు నలుగురూ చూస్తున్నారు, అంతే. శ్రీనివాసప్ప మాత్రం ఆమెను చూడటం లేదు. బల్ల మీది స్కాను కవరు అంచును గోటితో గీస్తున్నాడు. అతను నమ్మాడని ఆ గీతలోనే ఆమెకు తెలిసింది.

"అది కాదు మేడమ్," అన్నాడు ధనుంజయ.

ఇంతసేపూ అతన్ని ఎవరూ అడగలేదు. ఒకరు అడగకుండా అతను మాట్లాడటమే అపురూపం. డాక్టరమ్మ కూడా తల ఎత్తింది.

"ఆమె చెప్పింది. వాకిలి కాడ చెప్పింది. పాల క్యాను ఇంగా చంకలోనే ఉండె. చెయ్యి పట్టుకొనింది. గోవిందప్ప మందు కొడ్తాండాడు, కడపటి సాళ్ళు కొయ్యొద్దు అనింది. నేను తిరిగి చెప్పినా. నాకు బాగా గుర్తుండాది."

ఎక్కడా తడబడలేదు. మాట వెతుక్కోలేదు. అంత తేటగా అతను మాట్లాడటం ఆమె విని ఎన్నేళ్ళయిందో.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. శ్రీనివాసప్పను ధనుంజయతో బయట కూర్చోమని, అంబికను ఒక్క నిమిషం ఉండమంది. తలుపు మూసుకున్నాక మెల్లగా చెప్పింది. భర్తను ఆపరేషన్ నుంచి తప్పించడానికి ఆడవాళ్ళు తప్పు నెత్తిన వేసుకోవడం తను చాలా చూసిందట. అంబిక చెప్పిందే నిజమైతే ఇంకో చిక్కు ఉందట. జరగనిది జరిగినట్టు ఆయనకు నిజంగానే కనిపిస్తుంటే అది మరుపు కంటే పెద్ద సంగతి, ఈరోజే బెంగళూరుకు పంపాలి. భార్యను కాపాడటానికి అంటున్నాడంటే మెదడు చక్కగానే పని చేస్తున్నట్టు, ఇంటికి తీసుకుపోవచ్చు.

"మీ ఇద్దరిలో ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు తెలియదమ్మా. నా ముందు ఆయన చెప్పరు. మీరు అడిగి రండి. నేను ఇంకో పేషెంటును చూస్తుంటాను."

బయట శ్రీనివాసప్ప మెట్ల దగ్గర వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఆమె దాటిపోతుంటే తల తిప్పకుండానే అన్నాడు.

"నాతో ఆ మాట అనిపించినావు గదమ్మా."

ఆమె ఆగింది. అతను ఆగలేదు. మెట్లు దిగి గేటు వైపు వెళ్ళిపోయాడు.

బెంచీ మీద ధనుంజయ ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చుంది. అతని భుజం తన భుజానికి తగలకుండా కొంచెం ఎడం పెట్టుకుంది. ఆ ఎడం అతను గమనించి, తనే దగ్గరికి జరిగాడు.

"నిజం చెప్పు," అంది. "నేను నీకు చెప్పినట్టు నిజంగా గుర్తుండాదా? లేకపోతే నా కోసరం అంటివా?"

అతను ఆలోచించాడు. ఆ మొహం ఆమెకు అరచేయి లాంటిది. ఏ గీత ఎక్కడుందో తెలుసు. ఇప్పుడు అందులో ఆమె ఏదో వెతుకుతోంది, ప్రేమో, జాలో, కపటమో. ఏదైనా సరే. అది కనపడితే అతను బాగున్నట్టు. తన అబద్ధానికి బదులుగా అతనూ అబద్ధమే చెప్పి ఉండాలని ఆమె కోరుకుంటోంది. తన కోరిక తనకే వినపడి చెవులు వేడెక్కాయి.

"లోపల నేనేం చెప్పల్ల?" అని అడిగాడు.

"అది కాదు నేను అడిగేది. నీకు ఏం గుర్తుండాదో చెప్పు."

"నేనూ అదే అడుగుతాండా," అన్నాడు, ఆమెకు అర్థం కాకపోవడం చూసి కొంచెం నొచ్చుకున్నట్టు. "నువ్వు ఏది జరిగిందంటే నాకు అది గుర్తుంటాది. ఇన్నేండ్లూ అట్లే గదా?"

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి నర్సు ధనుంజయ అని పేరు పిలిచింది. అతను కాళ్ళు ఎడంగా పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆమె మీదికి వంగాడు.

"ఏది చెప్పల్లో చెప్పు," అన్నాడు. "లోపలికి పోయేలోగా మరిచిపోను."